వేలి కిందికి వచ్చిన రాజు

కోయిలకుంట్ల శాఖా గ్రంథాలయం పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా తెరిచి ఉంటుంది. మధ్యలో ఐదు గంటలు తాళం. ఆ ఐదు గంటల్లో నాగలత ఇంటికి పోయి వంట చేసి, మొగుడు డ్యూటీ దిగి వస్తే అన్నం పెట్టి, కాసేపు నడుం వాల్చి మళ్లీ వచ్చేది. పద్దెనిమిదేళ్లు అలాగే గడిచాయి. మొగుడు బసవరాజ్ ఆర్టీసీ డ్రైవరు, కడప బస్సు తోలేవాడు. పిల్లలు లేరు. మొదట్లో అందుకోసం ఆస్పత్రులు తిరిగారు, తర్వాత గుళ్లూ దర్గాలూ తిరిగారు, ఆ తర్వాత తిరగడం మానేశారు.

ఒక జూన్ నెల పొద్దున నాగలత దినపత్రికలకు కర్రలు బిగిస్తూ ఉండగా బసవరాజ్ బస్సు కండక్టరు ఫోను చేశాడు. జమ్మలమడుగు బస్టాండులో బస్సు ఆపి, దిగి, నీళ్లు తాగి, సిమెంటు బెంచీ మీద కూర్చున్నాడట. టైమైందని పిలిస్తే పలకలేదట.

"అమ్మా, నువ్వు కూసోనుండావా?" అని కండక్టరు రెండుసార్లు అడిగాడు.

ఆమె కూర్చోలేదు, నిలబడే విన్నది. విన్నాక చేతిలో ఉన్న కర్రను బిగించి, పేపరు బల్ల మీద పెట్టి, చదువుకుంటున్న వాళ్లను లేపి తలుపుకు తాళం వేసింది. ఆ తర్వాత ఏం చేయాలో అదంతా చేసింది. ఎవరికి ఫోన్లు చేయాలో చేసింది, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టింది. కన్నీళ్లు మాత్రం రాలేదు.

బసవరాజ్ అక్క ఈరక్క ఆదోని దగ్గర పల్లె నుంచి వచ్చింది. తల్లి పోయాక తమ్ముణ్ని ఆమే పెంచింది. వాకిట్లో అడుగు పెడుతూనే నేల మీద పడి పొర్లింది. మూడో రోజు నాగలత గడ్డం పట్టుకుని, "ఏడ్సు పాపా, ఒక్కసారి ఏడ్సు. లోపల పెట్టుకుంటే రాయైపోతావు" అంది.

నాగలత ప్రయత్నించింది కూడా. పంటి డాక్టరు సూది వేశాక దవడ ఎలా ఉంటుందో ఆమెకు లోపలంతా అలా ఉంది. ఉందని తెలుసు, తాకితే తెలియదు. దినాలు అయ్యాక ఈరక్క ఊరికి పోయింది, నాగలత డ్యూటీలో చేరింది.

ఇబ్బంది అంతా మధ్యాహ్నం ఐదు గంటలతోనే. ఇంటికి పోతే వండాల్సింది ఒక్కదానికి. పడుకుంటే నిద్ర రాదు. టీవీ పెడితే బొమ్మలు కదులుతాయి, ఏం జరుగుతోందో మనసుకు ఎక్కదు. కొన్నాళ్లకు ఆమె ఇంటికి పోవడం మానేసి, టిఫిను డబ్బా తెచ్చుకుని, గ్రంథాలయంలోనే లోపలి నుంచి గడియ పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది.

ఆగస్టులో సుందరం మాస్టారి కోడలు రత్నమణి రెండు గోనె సంచుల పుస్తకాలు ఆటోలో వేసుకొచ్చింది. సుందరం హైస్కూల్లో డ్రాయింగు చెప్పేవాడు, పోయి ఏడాదైంది. "ఇల్లు సున్నం కొట్టిస్తాండాము మేడమ్. పారేయల్నంటే చేతులు రాలేదు. ఈడ పెట్టుకుంటారేమోనని తెచ్చినా" అని దించేసి పోయింది.

తెలుగు నవలలు, బొమ్మల పుస్తకాలు తీసి సర్దాక అడుగున మూడు ఇంగ్లీషు పుస్తకాలు మిగిలాయి. గుడ్డ అట్టలు, ఊడిపోయిన బైండింగులు, పసుపు రంగు తిరిగిన కాగితం. ఇంగ్లీషువి ఎవరు చదువుతారని నాగలత పక్కన పెట్టబోయి ఒకటి తెరిచింది. పేజీ నిండా చేతుల బొమ్మలు. గీతలతో గీసిన చేతులు, వేళ్ల మధ్య పేకముక్కలు. పుస్తకమంతా తిప్పింది. ఎక్కడా మనిషి మొహం లేదు. మణికట్టు దగ్గర చొక్కా అంచుతో బొమ్మ ఆగిపోతుంది.

ఆమె ఆ రోజు మధ్యాహ్నమంతా ఆ బొమ్మలు చూస్తూ కూర్చుంది. ఎందుకని ఎవరైనా అడిగితే ఏం చెబుతుంది? రెండు నెలల నుంచి ఆమెను చూసిన ప్రతి మొహమూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంది. ఈ చేతులు ఏమీ అడగలేదు.

సాయంత్రం కరీం సారు వచ్చాడు. అబ్దుల్ కరీం హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. రోజూ నాలుగింటికి వచ్చి అన్ని పేపర్లూ చదివి, మధ్యలో మసీదుకు పోయి వచ్చి, మళ్లీ చదివేవాడు. ఆయన కళ్లద్దాలు సర్దుకుని పుస్తకం మొదటి పేజీలు తిరగేశాడు.

"పేకముక్కల గారడీ అమ్మా ఇది. రాసి నూరేళ్లు దాటింది. అరే, మన సుందరం ఇంట్లో ఇది ఉండిందా! ఒక్కనాడు చెప్పలేదు చూడు."

"చదివితే వస్తాదా సార్?"

"రాసినాయన వస్తాదనే అంటాండాడు. తొందర పడొద్దంటాండాడు." సారు ఇంకో పేజీ తిప్పి నవ్వాడు. "నాలుగైదుసార్లు చెప్పినాడు ఆ మాట."

మర్నాడు నాగలత పాత బస్టాండు దగ్గర ఫ్యాన్సీ షాపులో పేక కట్ట అడిగింది. షాపతను కట్ట తీసి చేతిలోనే పట్టుకుని, "ఎవరికి మేడమ్?" అన్నాడు. "నాకే" అంది ఆమె. అతను కాగితంలో చుట్టి ఇచ్చాడు.

నాగలతకు ఇంగ్లీషు వచ్చింది పుస్తకాల పేర్లు రాసుకునేంత వరకే. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక్కో వాక్యం విప్పుకునేది. కొరుకుడు పడనివి చీటీ మీద రాసుకుని సాయంత్రం కరీం సారును అడిగేది. ఆయన వాక్యానికి అర్థం చెప్పి, "చేతికి అర్థం కావడం నీ పని" అనేవాడు.

కట్ట ఎడమ అరచేతిలో ఎలా కూర్చోవాలి, బొటనవేలు ఎక్కడ ఆనాలి, ఇదే ఎనిమిది పేజీలుంది. దానికి ఇరవై రోజులు పట్టింది. తర్వాత, కలుపుతున్నట్టే ఉండి పైముక్కను పైనే నిలిపి ఉంచడం. తర్వాత, చిటికెన వేలి కండను ముక్కల మధ్య వెంట్రుకవాసి దూర్చి సందు పట్టుకోవడం. ఆపైన రెండు ముక్కలను అతుక్కున్నట్టు ఒకటిగా తిప్పడం. వేళ్లు నొప్పి పుట్టేవి. ముక్కలు జారి నేల మీద పడేవి. ఆమె వంగి ఏరుకుని మళ్లీ మొదలుపెట్టేది. విసుగు రాలేదు. విసుగు రావాలన్నా లోపల ఏదో ఒకటి కదలాలి గదా.

పేజీల అంచుల్లో సుందరం మాస్టారు పెన్సిలుతో రాసుకున్న మాటలుండేవి. "ఇది సులువు." "అద్దం ముందు చేయాలి." ఒకచోట మాత్రం ఒకే మాట నాలుగుసార్లు ఉంది. "రాలేదు, 1987." దాని కింద "రాలేదు, 1991." ఆ కింద ఇంకో రెండు సంవత్సరాలకూ అదే మాట. ఆ పాఠం ఏమిటంటే, ముక్కలను పరుస్తూ అవతలి మనిషిని ఒకటి తీసుకోమనాలి. ఆ మనిషి వేలు ముందుకు వచ్చే క్షణానికి మనకు కావలసిన ముక్క సరిగ్గా ఆ వేలి కిందికి చేరాలి. తీసుకున్నవాడు తన ఇష్టంతోనే తీసుకున్నాననుకోవాలి. ముందు చేరినా తప్పే, వెనక చేరినా తప్పే. నాగలతకు దానికి ఏడు నెలలు పట్టింది. మొదటిసారి కరీం సారు వేలి కిందికి ఇస్పేటు ఆసును చేర్చిన రోజు ఆయన ముక్కను చూసి, ఆమెను చూసి, మళ్లీ ముక్కను చూశాడు.

"వహ్వా!" అన్నాడు. కాసేపటికి, "సంతోషంగా ఉండాదా అమ్మా?" అని అడిగాడు.

"లేదు సార్."

"మరి యాల చేస్తాండావు?"

నాగలత ఆలోచించి చెప్పింది. "చేతులకు పనుంటాది సార్."

ఈరక్కకు విషయం తెలిసింది సంవత్సరీకానికి వచ్చినప్పుడు. బీరువాలో తమ్ముడి చొక్కా వెతుకుతుంటే మూడు పేక కట్టలు బయటపడ్డాయి. అంచులు నలిగి, మూలలు గుండ్రంగా అరిగినవి. ఆమె వాటిని తెచ్చి వంటింట్లో నాగలత ముందు పెట్టింది.

"ఏంది పాపా ఇది?"

"నేర్చుకుంటాండా వదినా. గారడీ."

"పేకాడే మొగోల్లనే పోలీసోల్లు పట్టుకోని పోతారు. మొగుడు పోయి ఏడాదికి నువ్వు ముక్కలు పట్టుకుంటివా! వాని కోసరం ఒక్క బొట్టు రాల్చకపోతివి. ముక్కలు తోమేకి చేతులొచ్చినాయి."

నాగలత పప్పు ఎనుపుతూనే ఉంది. ఈరక్క మరుసటి రోజు పొద్దున బస్సుకే పోయింది. పోతూ పోతూ గడపలో నిలబడి, "నిన్ను తిట్టాలని రాలేదు. వాడు నాకు బిడ్డ కదా" అంది. నాగలత బస్టాండు దాకా సంచి మోసి, సీటు పట్టించి వచ్చింది.

నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలు. ప్రతి ఏడూ వ్యాసరచన, ముగ్గులు, ఉపన్యాసం. ఈసారి ఉపన్యాసానికి రావలసిన ఆయన రాలేదు. సభలో డెబ్బై మంది కూర్చుని ఉన్నారు. కరీం సారు లేచి, అడగకుండానే మైకు పట్టుకుని, "పుస్తకం చదివితే ఏమొస్తాదో మన మేడమ్ సూపిస్తాది" అనేశాడు.

నాగలత కాదనలేదు. సంచిలోంచి కట్ట తీసింది. టీచరొకామెను ముక్క ఎన్నుకోమని, దాన్ని అందరికీ చూపించి కట్టలో కలిపేయమంది. పైముక్క తిప్పి కళావరు జాకీని చూపించింది. "ఇది కాదు గదా మేడమ్? పట్టుకోండి" అని ఆ ముక్కను బోర్లించి ఆమె రెండు అరచేతుల మధ్యే పెట్టింది. కాసేపాగి తెరవమంది. టీచరు తెరిచి కెవ్వుమని అరిచింది. ఆమె ఎన్నుకున్న ముక్కే ఆమె చేతుల్లో ఉంది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పక్కింటి రేకుల మీద వాన పడుతున్నట్టు వినిపించింది నాగలతకు. నమస్కారం పెట్టి, కుర్చీలు సర్దించే పనిలో పడింది.

ఎవరో ఫోనులో తీసిన వీడియో ఊళ్లు తిరిగింది. తిరిగే కొద్దీ మాట పెరిగింది. లైబ్రరీ మేడమ్ ముక్క చెబుతుందంట అన్నది, మనసులో ఉన్నది చెబుతుందంట అయింది. పోయిన వస్తువు కూడా చెబుతుందంట దాకా వచ్చింది.

ఫిబ్రవరిలో శనగ కోతలకు పడమటి నుంచి వలస కూలీలు దిగారు. నల్లరేగడి చేల గట్ల మీద పట్టలు కట్టుకుని ఉంటారు. ఒక సాయంత్రం ఐదింటప్పుడు, కరీం సారు నమాజుకు పోయిన వేళ, ముప్పై ఏళ్ల మనిషి ఒకామె గ్రంథాలయం గుమ్మంలో చెప్పులు విడిచి నిలబడింది. ఒడిలో పచ్చి శనగ కాయల మూట. వేళ్లకు గుడ్డ పేలికలు చుట్టుకుని ఉంది. శనగ మొక్క పులుపు చేతులను తినేస్తుంది.

"ముక్క యాడుండాదో సెప్పే అక్క నువ్వేనా?"

"ఏం కావాలమ్మా?"

"నా పేరు హులిగెమ్మ. మాది ఆలూరు పక్క. మా ఇంటాయన పన్నెండు దినాలాయె పోయి. సంతకు పోయొస్తానన్యాడు, రాలేదు. పేరు హనుమేష్." కొంగు ముడి విప్పి ఆధార్ కార్డు తీసి బల్ల మీద పెట్టింది. "ముక్క యాడుండాదో సెప్తావంట. మనిషి యాడుండాడో సెప్పు."

"అది కనికట్టమ్మా. నాకేం తెల్దు."

"తెలిసినోల్లు అందరూ అట్లే అంటారు." హులిగెమ్మ మూట బల్ల మీద పెట్టి ఎదురుగా కూర్చుంది. "దినామూ పట్టలో పండుకొని ఎంచుకుంటాండా అక్కా. సచ్చినాడా, బతికినాడా అని. మనిషికి ఏదో ఒకటి తెలియాల కదా. ఒక పని చెయ్. ముక్కలు పరుసు. నేను తీస్తా. రాజు పడితే బతికుండాడు. లేకుంటే లేడు. అంతే. ఇంగ అడగను."

నాగలత వద్దని చెప్పి ఉండాల్సింది. ఆమె తలకు ఆ మాట తట్టింది కూడా. కానీ కట్ట అప్పటికే చేతిలో ఉంది. చేతులు కలుపుతున్నాయి. అడుగున ఆఠీను రాజు కనిపించింది. రెండు కలపడాల్లో అది నడుమకు చేరింది, చిటికెన వేలు దాని మీద సందు పట్టింది. ముక్కలు బల్ల మీదుగా విసనకర్రలా పరుచుకుంటూ పోయాయి. పేలిక చుట్టిన వేలు గాలిలో తడబడి, ఆగి, కిందికి వచ్చింది. వచ్చే క్షణానికి రాజు అక్కడ ఉన్నాడు.

హులిగెమ్మ ముక్కను తిప్పింది. దాన్ని చూసి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. తర్వాత గొల్లుమంది. "బతికుండాడు! స్వామీ, బతికుండాడు!" అంటూ బల్ల చుట్టూ వచ్చి నాగలత కాళ్ల మీద పడింది.

ఇన్ని నెలలుగా ఏదీ తాకని చోట నాగలతకు ఒకటి తాకింది. భయం. కాళ్ల దగ్గర ఉన్న ఆ తలను చూసి, వంగి హులిగెమ్మ భుజాలు పట్టుకుంది.

"లేమ్మా. లే. అది నేనే పెట్టినా."

"ఏంది?"

"ఆ రాజును నేనే నీ వేలి కిందికి తెచ్చినా. నువ్వు తీయలేదు. నేను తీయించినా."

హులిగెమ్మ లేచి నిలబడింది. కళ్లు తుడుచుకోలేదు. "నన్ను ఆట పట్టిచ్చినావా?"

"ఆట కాదు. చేతులు అట్లా పోయినాయి. కూసో, సూపిస్తా."

పుస్తకం రాసిన ఆయన ఎన్నోసార్లు హెచ్చరించాడు, గుట్టు బయట పెట్టొద్దని. నాగలత ముక్కలను బొమ్మలు పైకి వచ్చేలా తిప్పి, మెల్లగా చేసి చూపించింది. అడుగున రాజు ఇదిగో. నడుమకు ఇలా వచ్చింది. ఇదిగో చిటికెన వేలు. ఇప్పుడు నీ వేలు పెట్టు. హులిగెమ్మ వేలు పెట్టింది. రాజు వచ్చింది. "ఇంగోసారి" అంది. ఇంకోసారీ వచ్చింది. మూడోసారి రాణిని తెమ్మంది. రాణి వచ్చింది.

హులిగెమ్మ చాలాసేపు ఆ రాణిని చూస్తూ కూర్చుంది.

"అట్లయితే సచ్చిపోయినట్టా?"

"కాదు. ముక్కకు తెల్దు. నాకూ తెల్దు."

"మరి తెలిసేది యాడ?"

"స్టేషన్‌లో రాసిచ్చినారా?"

"మేస్త్రీ వద్దన్యాడు. వాడే వస్తాడ్లే అన్యాడు."

అప్పటికి కరీం సారు తిరిగి వచ్చాడు. నాగలత ఆయనకు గ్రంథాలయం అప్పజెప్పి, హులిగెమ్మను ఆటోలో స్టేషన్‌కు తీసుకుపోయింది. ఫిర్యాదు తనే రాసింది. ఏ రంగు చొక్కా, ఎంత పొడుగు, ఒంటి మీద గుర్తులేమిటి అని స్టేషన్‌లో అడిగినవన్నీ హులిగెమ్మ నిలబడి చెప్పింది. ఎడమ మోకాలి కింద పార తగిలిన మచ్చ అని చెప్పేటప్పుడు మాత్రం తన మోకాలు ముట్టుకుని చూపించింది. నాగలత మచ్చ అని రాసింది. బసవరాజ్ ఒంటి మీద గుర్తులేమిటని ఎవరైనా అడిగి ఉంటే చెప్పగలిగేదేనా అనుకుంది. కుడి భుజం మీద సీటు బెల్టు ఒరుసుకున్న నల్లటి గీత గుర్తొచ్చింది. గుర్తొచ్చి, మనసులో అలాగే ఉండిపోయింది. రాసిచ్చిన మనిషిగా నాగలత సంతకం చేసి కాగితం ఇచ్చింది.

మూడు వారాలకు కబురు తెలిసింది. హులిగెమ్మే వచ్చి చెప్పింది. మధ్యాహ్నం, లోపల గడియ పెట్టి ఉన్న వేళ తలుపు కొట్టింది.

"దొరికినాడక్కా. బేతంచెర్లలో బండలకు పాలిష్ పట్టేకాడ ఉండాడంట. పోలీసోల్లు ఫోన్లో మాట్లాడిచ్చినారు."

"ఏమన్యాడు?"

"రానన్యాడు." హులిగెమ్మ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. "కొట్లాట లేదు, ఏం లేదు. యాలప్పా అంటే, ఊరికే అన్యాడు. బాగుండావా అంటే బాగుండా అన్యాడు. పెట్టేసినాడు."

ఆమె మొహంలో ఏడుపు లేదు. కోపమూ లేదు. ఫ్యాను గాలికి కొంగు కదులుతుంటే పట్టుకోలేదు కూడా. నాగలతకు ఆ మొహం తెలుసు. ఆ మొహానికి ఏం చెప్పకూడదో కూడా తెలుసు. మంచినీళ్లు ఇచ్చింది. తన డబ్బాలో ఉన్న కొర్రన్నం సగం మూతలో పెట్టి ఇచ్చింది. హులిగెమ్మ తింది. తిన్నాక చేతులు కడుక్కుని వచ్చి మళ్లీ అక్కడే కూర్చుంది.

నాగలత బల్ల సొరుగులోంచి పేక కట్ట తీసి ఆమె పక్కన నేల మీద కూర్చుంది.

"ఎడమ చెయ్యి ఇట్లా పట్టు."

"నాకెందుకక్కా?"

"ఊరికే. పట్టు."

పగిలిన వేళ్లలో కట్ట నిలవలేదు. ముక్కలు జారి బండల మీద చెల్లాచెదరయ్యాయి. ఇద్దరూ మోకాళ్ల మీద పాకుతూ ఏరారు. ఒకటి బీరువా కిందికి పోయింది. పుల్లతో లాగి తీశారు. మళ్లీ పట్టుకుంది, మళ్లీ జారాయి. మూడున్నర దాకా అలాగే గడిచింది. చివర్లో నాగలత రెండు ముక్కలను ఒకటిగా తిప్పేది కూడా చేసి చూపించింది. పోయేటప్పుడు హులిగెమ్మ కట్టనూ, నాగలత ఫోను నంబరు రాసిన చీటీనీ కొంగులో కట్టుకుంది. "మళ్లీ తెచ్చిస్తా" అంది. వద్దంది నాగలత. రెండు రోజులకు శనగ కోతలు ముగిసి, కూలీల లారీ పడమటికి పోయింది.

ఉగాది దాటాక ఒకనాడు, నాలుగు కావస్తుండగా, తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది.

"అక్కా, నేను హులిగెమ్మ. ఆ రెండు ముక్కలు ఒగటి మాదిరి తిప్పేది రాలేదు. ఇడిపోతాండాయి."

"ఎన్ని దినాల నుంచి చేస్తాండావు?"

"పదైదు దినాలైతాది. పనిలేని పొద్దు చేస్తాండా. మా అత్త తిడతాది."

"తిట్టనీ. బొటనవేలు గట్టిగా ఒత్తుతాండావేమో. మెత్తగా పెట్టు."

"చేతులు మానినాయి. నూనె రాసుకుంటాండా."

"ముక్కలు పట్టుకునే ముందు నూనె రాసుకోవద్దు, జారతాయి. పొడిగా తుడుసుకో."

"సరే." అవతల మేకలు అరుస్తున్నాయి. "ఆయప్ప రాలేదక్కా."

"ఊ."

"నువ్వు ఏం చేస్తాండావు?"

"లైబ్రరీ తెరవల్ల."

ఎవరో హులిగెమ్మను పిలిచారు. "వస్తానక్కా" అని ఆమె పెట్టేసింది. నాగలత ఫోను బల్ల మీద పెట్టి, లేచి, తలుపు గడియ తీసింది. బయట మెట్ల మీద కరీం సారూ, ఇంకో ఇద్దరూ ఎండకు తువ్వాళ్లు తల మీద వేసుకుని కూర్చుని ఉన్నారు.